చుట్టపుచూపు, ఇల్లరికం

సంక్రాంతి వెళ్లిన వారానికి మాగాణిలో మినుము మొక్కను చూడాలంటే చేత్తో పట్టి లాగకూడదు. పారతో మట్టిబెడ్డతో సహా లేపి, పంటబోదెలో ముంచి, నెమ్మదిగా కడగాలి. లాగితే వేళ్లకున్న బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. మనం చూడాల్సింది వాటినే. ఆవగింజంత మొదలుకుని జొన్నగింజంత వరకూ ఉంటాయి. ఒకదాన్ని గోరుతో చిదిమితే లోపల లేత గులాబీ రంగు కనిపిస్తుంది. మన నెత్తురుకి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌కి దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ రంగు అది. అది ఉందంటే లోపల రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు వండిపెడుతోందని అర్థం. సార్వా వరి కోతకు రెండుమూడు రోజుల ముందు పదునులో చల్లి వదిలేసిన పంట ఇది. దుక్కి లేదు, యూరియా లేదు. అయినా రైతు చేతికి నాలుగు డబ్బులొస్తున్నాయంటే ఆ గులాబీ రంగు చలవే.

లోపల తెల్లగా ఉంటే? బుడిపె ఉంటుంది గానీ పని జరగదు. 1980లలో ఇంగ్లండులోని ఒక పొలంలో తెల్ల క్లోవర్ మొక్కలకు పట్టిన గతి అదే. క్లోవర్ కూడా మన మినుములాగే చిక్కుడు కుటుంబానిది. బాక్టీరియా ఎందుకు పని మానేసిందని తవ్వుకుంటూ పోతే, అప్పటికి ఇరవై ఏళ్ల కిందటే వేయడం ఆపేసిన ఎరువు దగ్గరికి దారి తీసింది. ఆ ఎరువు పట్నం మురుగు నుంచి తీసిన మడ్డి.

ఆ పొలం సంగతికి మళ్లీ వస్తాను. ముందు మడ్డి అంటే ఏమిటో మన రాజమండ్రిలోనే చూద్దాం. ఊరి మురుగు నల్లా చానల్ లాంటి కాలువల్లో పడి గోదావరి వైపు నడుస్తుంది. హుకుంపేటలో రోజుకు 3 కోట్ల లీటర్ల మురుగుకు సరిపడే శుద్ధి కేంద్రం ఉంది. ఇలాంటి కేంద్రాల్లో జరిగేది పెద్ద రహస్యమేం కాదు. మురుగులోకి గాలి ఊదితే బాక్టీరియా ఆ మాలిన్యాన్ని తిని బలుస్తాయి. తర్వాత గుంపులు గుంపులుగా అడుక్కి దిగుతాయి. పైన తేరిన నీరు బయటికి పోతుంది, అడుగున చిక్కటి మడ్డి మిగులుతుంది. వెయ్యి లీటర్ల మురుగుకి సుమారు 200 గ్రాముల ఎండు మడ్డి దిగుతుందని ఇంజనీర్లు వేసుకునే మోటు లెక్క. ఆ లెక్కన 3 కోట్ల లీటర్ల కేంద్రం నిండుగా నడిస్తే రోజుకు 6 టన్నులు. అది ఎండు లెక్క. యంత్రంలో పిండాక కూడా మడ్డిలో అయిదింట నాలుగు వంతులు నీరే, కాబట్టి ట్రక్కుల్లోకి ఎత్తేది 30 టన్నులు. ఏడాది పొడుగునా, ప్రతి రోజూ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 లెక్కల ప్రకారం మన దేశపు పట్టణాల మురుగు రోజుకు 72,368 మిలియన్ లీటర్లు. దాన్ని శుద్ధి చేయగల ఏర్పాటు అప్పటికి 31,841 మిలియన్ లీటర్లకే ఉంది. మిగతా కేంద్రాలు కూడా కట్టినకొద్దీ నదులు బాగుపడతాయి, మడ్డి గుట్టలు పెరుగుతాయి.

ఆ గుట్టల్ని ఏం చేయాలి? పొలానికి తోలాలి. ఆలోచన కొత్తది కాదు, తప్పుదీ కాదు. పొలంలో పండిన గింజ పట్నం పోయి అన్నమై, మురుగై, సముద్రంలో కలుస్తుంటే చేను ఏటేటా చిక్కిపోతుంది. దిబ్బ మీద పెంట తోలడం, గొర్రెల మంద కట్టించడం, వేసవిలో చెరువు మట్టి తోలడం అన్నీ పోయినదాన్ని వెనక్కి తెచ్చే పనులే. అమెరికాలోని మిల్వాకీ నగరం 1926 నుంచి తన మురుగు మడ్డిని ఎండబెట్టి మిలార్గనైట్ అన్న పేరుతో సంచుల్లో అమ్ముకుంటోంది. ఈ సరుకును మర్యాదగా బయోసాలిడ్స్ అంటారు. నాకు మడ్డి అన్న మాటే నచ్చుతుంది. పేరు మారిస్తే వాసన మారదు.

చిక్కల్లా పశువుల పెంటలో లేనిది పట్నం మురుగులో ఉండడమే. రేకుల కప్పుల మీద కురిసిన వాననీటితో, అరిగిన టైర్ల పొడితో జింకు వస్తుంది. రాగి పనివాళ్ల దగ్గర్నుంచి రాగి, పాత బ్యాటరీలూ రంగుల నుంచి సీసం, పూత పనుల నుంచి నికెల్, క్రోమియం వస్తాయి. కాడ్మియం పేరు చెబితే ఎవరికీ తెలియదంటారు గానీ ఆంధ్రదేశంలో పెళ్లి చేసిన ప్రతి ఇంటికీ తెలుసు. కేడీఎం బంగారం అన్నప్పుడు ఆ కేడీఎం కాడ్మియమే, నగల అతుకుల్లో వాడేవారు. అతికేటప్పుడు లేచే పొగ పనివాళ్ల ఊపిరితిత్తుల్ని తినేస్తుందనే ఆ పద్ధతి వెనకబడి హాల్‌మార్క్ వచ్చింది. మురుగులోకి చేరిన ఈ లోహాలు నీటిలో తేలుతూ ఉండవు. బాక్టీరియా ఒంటికి అంటుకుని అడుక్కి దిగిపోతాయి. నీరు తేరేకొద్దీ లోహాలు మడ్డిలో చిక్కబడతాయి.

ఇక లెక్క. ఎకరానికి మూడు బస్తాలు తగ్గినా నిద్రపట్టని డెల్టా రైతుకి లెక్కతోనే చెప్పాలి. ఎకరానికి ఏడాదికి 2 టన్నుల ఎండు మడ్డి వేశామనుకుందాం. ఆ మడ్డి మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో పట్నం కంపోస్టుకి పెట్టిన హద్దులకి సరిగ్గా సమానంగా ఉందనుకుందాం, అంటే కిలోకి జింకు 1000 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు. నత్రజని నూటికి 3 పాళ్లు, భాస్వరం 2 పాళ్లు వేసుకోండి.

నత్రజని 60 కిలోలు వచ్చింది. అందులో మొదటి ఏడు మొక్కకి అందేది ఇంచుమించు మూడో వంతు, మిగతాది బాక్టీరియా నమిలి నమిలి తర్వాతి పంటలకు విడుస్తుంది. కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటితో పోతుంది. నాలుగైదేళ్లలో ఖాతా దాదాపు చెల్లు. చుట్టపుచూపుగా వచ్చి, తిని, పెట్టి వెళ్లిపోయే రకం అది.

జింకు 2 కిలోలు వచ్చింది. ఇది విని భయపడక్కర్లేదు. దమ్ములో ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లే రైతు ఒక్కసారికే 4 కిలోల పైన జింకు వేస్తున్నాడు. వరిలో జింకు లోపాన్ని పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె 1966లో గుర్తించి చెప్పినప్పట్నుంచి మనం డబ్బిచ్చి కొనుక్కునే లోహం అది. మొదట్లో మడ్డి వేసిన చేను పచ్చగా నవనవలాడడానికి ఈ జింకూ ఒక కారణం. చిక్కేమిటంటే జింక్ సల్ఫేట్ ఎప్పుడు ఆపాలో రైతు చేతిలో ఉంటుంది, మడ్డిలో జింకుని విడదీసి ఆపలేం.

కాడ్మియం 10 గ్రాములు. చిటికెడు. ఎకరంలో జానెడు లోపు, అంటే 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. అందులో 10 గ్రాములు కలిస్తే కిలోకి 0.011 మిల్లీగ్రాము. ఎవరు పట్టించుకుంటారు? ఇప్పుడు బయటికి పోయేదెంతో చూడండి. ఎకరానికి 33 బస్తాలు, అంటే రెండున్నర టన్నుల ధాన్యం పండిందనుకుందాం. గింజలో కిలోకి 0.05 మిల్లీగ్రాము కాడ్మియం ఉంటే పంటతో పోయేది ఒక గ్రాములో ఎనిమిదో వంతు. ఒక్క ఏడు వేసిన కాడ్మియం ధాన్యంతో బయటికి పోవాలంటే 80 సార్వాలు కావాలి. గడ్డి కూడా ఎత్తుకుపోయామంటే కాస్త త్వరపడవచ్చు, అంతే. 50 ఏళ్లు వరసగా వేస్తే కిలోకి అర మిల్లీగ్రాము పైచిలుకు పేరుకుంటుంది. మడ్డి తోలే పొలాల మట్టిలో కాడ్మియం 1 నుంచి 3 మిల్లీగ్రాములు దాటకూడదని ఐరోపా దేశాలు 1986లో గీత గీసుకున్నాయి. చట్టం ఒప్పుకున్న మడ్డితోనే ఆ కింది గీతకు సగం దూరం నడిచామన్నమాట. నత్రజని చుట్టమైతే ఈ లోహాలు ఇల్లరికం అల్లుళ్లు. పొమ్మన్నా పోరు.

చేలోకి లోహాలను తెచ్చేది మడ్డి ఒక్కటేనని కాదు. డీఏపీ తయారయ్యే ఫాస్ఫేటు రాయిలోనూ కాడ్మియం ఉంటుంది. అనపర్తి, తణుకు చుట్టుపక్కల విరివిగా దొరికే కోళ్ల ఎరువులో దాణా నుంచి వచ్చిన రాగీ జింకూ ఉంటాయి. ఎవరి వాటా వారిది.

ఇప్పుడు ఇంగ్లండు పొలం దగ్గరికి పోదాం. రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం వారికి బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని వోబర్న్‌లో ఒక పొలం చెక్క ఉంది. 1942లో, యుద్ధకాలంలో, కూరగాయలకు ఎరువు చాలక కొన్ని మళ్లకు లండన్ శివారు మురుగు మడ్డి, కొన్నిటికి పశువుల ఎరువు వేయడం మొదలుపెట్టారు. అప్పుడు వాళ్ల బుర్రలో లోహాలు లేవు, మట్టిలో సేంద్రియ పదార్థం పెంచుదామన్నదే ఆలోచన. 1961లో మడ్డి ఆపేశారు. కానీ ఒక మంచి పని చేశారు, తీసిన మట్టిని, మడ్డిని సీసాల్లో పోసి, బిరడా బిగించి, అలమారల్లో దాచారు. వాళ్లకది పాత అలవాటు, 1843లో మొదలైన గోధుమ చేను నుంచీ అంతే. దశాబ్దాల తర్వాత లోహాలను కొలిచే మంచి పరికరాలు వచ్చాక ఆ సీసాల మూతలు తీశారు.

మడ్డిలో వచ్చిన లోహాల్లో చాలా భాగం దుక్కి పొరలోనే కదలకుండా కూర్చుంది. మరి మిగతాది ఏమైంది? కిందికి దిగిందేమో, భూగర్భజలంలో కలిసిందేమో అని కంగారుపడి లోతు పొరలు తవ్వారు. అక్కడ లేదు. స్టీవ్ మెక్‌గ్రాత్, ఆయన సహచరుడు 1989లో జవాబు చెప్పారు: దొంగ నాగలి. ఏటా దున్నేటప్పుడు మడి మట్టి పక్క మడిలోకి, పక్క మడి మట్టి ఇటు ఈడ్చుకుపోయింది. లోహం నేలలోకి ఇంకలేదు, గట్టు దాటింది. ఏటా దమ్ము చేసి, పల్లానికి బురదనీరు వదిలే మన మాగాణుల్లో ఆ దొంగ ఎంత చురుగ్గా ఉంటాడో వేరే చెప్పాలా?

ఇక బుడిపెలు. అదే చెక్కలో క్లోవర్ వేస్తే, పశువుల ఎరువు వేసిన మళ్లలో ఏపుగా పెరిగింది, మడ్డి మళ్లలో నత్రజని చాలక పాలిపోయింది. వేళ్లకు బుడిపెలు ఉన్నాయి. వాటిలోని బాక్టీరియాను పెంచి చూస్తే నత్రజని పట్టడం చేతకాని రకమొక్కటే ఆ మట్టిలో మిగిలిందని తేలింది. పనిమంతులైన రకాలు లోహాల మధ్య బతకలేక చచ్చాయి. బయటి నుంచి మంచి బాక్టీరియాను తెచ్చి కలిపితే అవీ కొన్ని నెలలైనా నిలవలేదు. మరో విషయం గమనించారా? మొక్క మీద విషలక్షణం లేదు. గోధుమ వేసి చూస్తే తేడా కనిపించదు. దెబ్బ తగిలింది కంటికి కనపడని కూలీలకి. వోబర్న్‌ది ఇసుకపాలు ఎక్కువున్న మట్టి, మనది బంకమట్టి. మినుముకి పనిచేసే బాక్టీరియా క్లోవర్ దానికన్నా మొండిది. కాబట్టి అక్కడ జరిగింది ఇక్కడా జరిగి తీరుతుందని అనను. కానీ మడ్డి తోలిన చేలో వరి దిగుబడి చూసి నిశ్చింతగా ఉండే రైతుకి మాత్రం బుడిపెలు చిదిమి చూడమనే చెబుతాను.

శాస్త్రవేత్తల్లో ఈ సంగతి మీద పెద్ద జగడమే నడిచింది. అమెరికా వ్యవసాయ శాఖలోని రూఫస్ చేనీ వర్గం మాట ఇది: మడ్డి తనతో పాటు ఇనుము, భాస్వరం, సేంద్రియ పదార్థం తెస్తుంది, అవే లోహాలను పట్టి బంధిస్తాయి. కాబట్టి ఎంత వేసినా మొక్కలోకి ఎక్కేది ఒక మట్టం దగ్గర ఆగుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలోని మర్రే మెక్‌బ్రైడ్ వర్గం ఒప్పుకోలేదు. సేంద్రియ పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ కుళ్లి గాలిలో కలుస్తుంది, అప్పుడు తాళం ఊడిన లోహాలు బయటపడతాయి, ఇది టైంబాంబు అన్నారు. వోబర్న్ సీసాలు ఇద్దరికీ పూర్తి గెలుపు ఇవ్వలేదు. మడ్డి ఆపాక రెండు దశాబ్దాలకు పైగా జింకు, కాడ్మియం మొక్కకి అందే తీరులో పెద్ద మార్పు లేదు. బాంబు పేలలేదు, తాళమూ బిగియలేదు.

మన సంగతి వేరే ఎందుకంటే మనది నీళ్లలో నానే నేల. వరి దుబ్బు ఒకటి పీకి చూడండి, వేళ్లు తుప్పు రంగులో ఉంటాయి. నిలవనీటి కింద మట్టిలో ప్రాణవాయువు అయిపోగానే ఇనుము కరుగుతుంది. వరి మాత్రం ఆకుల నుంచి వేళ్ల దాకా గాలి గొట్టాలు వేసుకుని ఉంటుంది. వేరు నుంచి ఊరిన ఆ గాలి తగిలి ఇనుము అక్కడికక్కడే తుప్పై పూతలా అంటుకుంటుంది. ఆ తుప్పు పూత కొన్ని లోహాలను గుమ్మంలోనే ఆపుతుంది. మరోవైపు బురదలో గంధకం సల్ఫైడుగా మారి కాడ్మియాన్ని పట్టి కరగకుండా కట్టేస్తుంది. చేలో నీరున్నన్నాళ్లూ కాడ్మియం గింజలోకి పెద్దగా పోదు. కోతకు ముందు నీరు తీసేసి చేను ఆరబెడతామే, అప్పుడు గాలి తగిలి సల్ఫైడు విడిపోతుంది, కాడ్మియం కరుగుతుంది. సరిగ్గా గింజ గట్టిపడే వేళకి. ముందుగా ఆరబెడితే ఎక్కువ ఎక్కుతుంది, ఆలస్యం చేస్తే తక్కువ. ఆర్సెనిక్‌ది దీనికి పూర్తి తలకిందులు: అది నీటిలోనే కరుగుతుంది, ఆరితే అణుగుతుంది. ఒకదానికి మందు ఇంకొకదానికి విషం.

ఇది మాటవరసకి చెప్పే భయం కాదు. జపాన్‌లోని తొయామా ప్రాంతంలో జింజూ నది నీటితో వరి పండించుకున్న పల్లెల్లో, ఎగువనున్న కమియోకా గని కాడ్మియం పొలాల్లో చేరి, అన్నంలో చేరి, ఎముకలు పెళుసెక్కి ఆడవాళ్లు నొప్పి నొప్పి అని అరిచేవారు. జపాన్ భాషలో ఇతాయ్ ఇతాయ్ అంటే అదే. 1968లో ప్రభుత్వం దాన్ని కాలుష్య రోగంగా ఒప్పుకుంది. ఆ పొలాల పై మట్టిని బాగుచేయడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది, 2012లో ముగిసింది. అది గని, మనది మడ్డి. మోతాదులో పోలికే లేదు. కానీ నేల, నీరు, వరి చేసే రసాయనం ఒకటే.

డెల్టా మట్టికి తన బలం తనకుంది. జిగురు బంకమట్టి, పీహెచ్ ఏడు పైనే. ఇలాంటి మట్టి లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది. పైగా మన గోదావరి దక్కను నల్లరాళ్లను అరగదీసి తెచ్చిన ఒండ్రు ఇది, రాగి ఇందులో పుట్టుకతోనే ఎక్కువ. కాబట్టి ఆమ్లంలో మట్టినంతా కరగబెట్టి చేసే పరీక్షలో రాగి అంకె పెద్దదిగా వస్తే కంగారుపడక్కర్లేదు. రాతి లోపల బిగుసుకున్న రాగి వేరు, మట్టిరేణువు పైన అంటుకున్న మడ్డి రాగి వేరు. మొక్కకు అందేదెంతో తేల్చే పరీక్ష విడిగా ఉంది. గోదావరి నడుమ లంకలకు మాత్రం ఈ ధీమా పనికిరాదు. అవి ఇసుకపాలు నేలలు, పైగా అక్కడ పండేవి కూరగాయలు, పొగాకు. పొగాకు మొక్క కాడ్మియాన్ని ఆకులోకి లాగడంలో ఘనురాలు. పొగాకు పరిశోధనకు 1947లోనే కేంద్ర సంస్థ వెలసిన రాజమండ్రిలో, ఎదురుగా కనిపించే లంకలకు మడ్డి తోలమని సలహా ఇచ్చేవాణ్ణి నేను నమ్మను.

భాస్వరం సంగతి లోహాలకూ నత్రజనికీ మధ్యస్థం. పై లెక్కలో 40 కిలోలు వచ్చి పడింది, పంట తీసుకునేది గడ్డితో కలిపి 8 కిలోలు. నత్రజని చాలాలని మడ్డి వేస్తే అయిదేళ్ల భాస్వరం ఒకేసారి మీద పడుతుందన్నమాట. అది ఒండ్రుకి అంటుకుని, బురదనీటితో మురుగు డ్రెయిన్లలోకి దిగుతుంది. డ్రెయిన్ల నిండా నీరు కనపడకుండా పరుచుకున్న గుర్రపుడెక్కకు అదే విందు. కొల్లేరు దాకా అదే కథ. హైదరాబాదు కింద, ఆ ఊరి మురుగు మోసే మూసీ నీటితో వరి వేసిన ఊళ్లలో నత్రజని ఎక్కువై పైరు ఏపుగా లేచి పడిపోవడం, తాలు పట్టడం చూసి చాలామంది వరి మానేసి పారాగడ్డిలోకి దిగారు. పోషకం కూడా మోతాదు మించితే ఎరువు కాదు.

కట్టుబాట్ల విషయానికొస్తే దేశదేశానికీ ధైర్యం వేరు. అమెరికా 1993 నిబంధనలో పొలానికి వేసే మడ్డిలో కాడ్మియం కిలోకి 85 మిల్లీగ్రాములు దాటకూడదు, 39 లోపైతే పేరుకున్న లెక్క కూడా రాయక్కర్లేదు. మన కంపోస్టు హద్దు 5. స్విట్జర్లాండు పొలాల్లో మడ్డి వేయడమే మానేసింది. అమెరికాలోనే మెయిన్ రాష్ట్రం 2022లో నిషేధించింది. అక్కడ కారణం లోహాలు కాదు, అంటుకోని పెనాల పూతల్లాంటి వాటి తయారీలో వాడే, ఎప్పటికీ విరగని ఫ్లోరిన్ రసాయనాలు. కాగితం మీద మన హద్దు గట్టిదే. ట్రక్కు ట్రక్కుకీ పరీక్ష ఎవరు చేస్తారన్నది కాగితం మీద ఉండే విషయం కాదు.

మరి రాజమండ్రి మడ్డి ఎక్కడికి పోవాలి? నన్నడిగితే పక్కనే ఉన్న కడియం. అక్కడి నర్సరీల్లో ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి సంచులు నింపుతారు. అవి ఎవరూ తినని క్రోటన్లు, పామ్ మొక్కలు. కొంత మడ్డి అందులో కలిస్తే లోహం కంచంలోకి రాదు. ఆ సంచులతో పాటు దేశమంతా కొంచెం కొంచెం పంచుకుపోతుందని ఎవరైనా ఆక్షేపిస్తే, అదీ నిజమే. నరసాపురంలో సెప్టిక్ ట్యాంకుల మలబురదకు విడిగా శుద్ధి కేంద్రం పెట్టారు. ఇళ్ల నుంచి మాత్రమే తెచ్చే అలాంటి బురదలో కర్మాగారాల లోహం తక్కువ. పొలానికే వేయాలంటే ఆ దారి మెరుగు.

ఇంకో మాట. డెల్టాలో దున్నేవాళ్లలో ఎక్కువమంది కౌలుదారులు. ఉచితంగా వచ్చిన మడ్డితో ఈ ఏడు యూరియా ఖర్చు తగ్గేది కౌలుదారుకి. యాభై ఏళ్లకు మిగిలే లోహం భూమి గలాయనకి, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఆయన పిల్లలకి. ఇద్దరి మధ్యా కౌలు కాగితమే సరిగ్గా ఉండదు, ఇక మట్టి కాగితం ఎవరు రాస్తారు? 2015 నుంచి ఇస్తున్న భూసార కార్డులో పన్నెండు వరుసలున్నాయి. జింకు ఉంది, తక్కువా కాదా చెప్పడానికి. రాగీ ఇనుమూ ఉన్నాయి. కాడ్మియం, సీసం, నికెల్ లేవు.

అందుకే, మొదటి ట్రక్కు చేలో దిగకముందే రోథమ్‌స్టెడ్ వాళ్ల పని మనమూ చేయొచ్చు. చేలో పదిచోట్ల ఆంగ్ల వి అక్షరం ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, పక్క అంచు నుంచి పల్చగా మట్టి చెక్కాలి. అన్నీ కలిపి నీడలో ఆరబెట్టి, అరకిలో తీసి ఖాళీ హార్లిక్స్ సీసాలో పోయాలి. కాగితం మీద సర్వే నంబరు, తేదీ, లోతు పెన్సిలుతో రాసి లోపల వేయాలి, సిరా వెలిసిపోతుంది. మట్టి ఎత్తడానికి ప్లాస్టిక్ తొట్టె వాడాలి. జింకు బకెట్ వద్దు, దాని పూత రాలి మట్టిలో కలిసిందంటే యాభై ఏళ్ల తర్వాత మూత తీసిన మనవడు మడ్డిని కాక బకెట్‌ని కొలుస్తాడు.